పదహారు కోర్లు

నాగజ్యోతి కొలతల మనిషి. వంటింటి గట్టు పావంగుళం తేడాగా ఉన్నా ఆమె కంటికి ఇట్టే తెలిసిపోతుంది. ముప్పై తొమ్మిదో ఏట ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి ఆరు నెలలు ఇంటీరియర్ డిజైన్ నేర్చుకుంది. వంటగది కొలతలిస్తే చాలు, అల్మరాలు, టైల్సు, కిటికీలోంచి పడే వెలుగుతో సహా ఫొటో తీసినట్టుండే బొమ్మ కంప్యూటర్‌లో తయారుచేసేది. దాన్ని రెండర్ అంటారు. ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్ మీద ఒక్కో రెండర్‌కి ఇరవై నిమిషాలు పట్టేది.

కోర్సయ్యాక సొంత లాప్‌టాప్ కొనుక్కోవాలనుకుంది. పాఠం చెప్పిన సార్‌ని ఒకటికి రెండుసార్లు అడిగి నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంది. ఆమె వాడే సాఫ్ట్‌వేర్ భారమంతా ప్రాసెసర్ మీదే వేస్తుంది. అందులో ఎన్ని కోర్లుంటే అంతమంది పనివాళ్లు ఒకేసారి చెయ్యి వేసినట్టు. ఆమెకు కావలసింది పదహారు కోర్లది. అదే ధరకి ఎనిమిది కోర్లు, పెద్ద గ్రాఫిక్స్ కార్డుతో ఇంకోటి వస్తుంది, అది గేములాడేవాళ్లకి. రెండు పేర్లూ రాసి మొదటిదాని కింద రెండు గీతలు గీసింది.

ఆ పేజీ చూసి భర్త ఉదయ్ భాస్కర్ నవ్వాడు. అతను బీమా ఆఫీసులో పనిచేస్తాడు. ఇంట్లోకి ఏ కరెంటు వస్తువు రావాలన్నా అతనే కొనాలి. ట్రాఫిక్‌లో నువ్వెందుకులే అని ఆగస్టులో ఒక శనివారం ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని, పార్క్ లేన్‌లో కంప్యూటర్ల షాపుకి ఒక్కడే వెళ్లాడు. గంటన్నర తర్వాత ఫోన్ చేశాడు. నువ్వు రాసిచ్చింది స్టాకు లేదట, వచ్చేసరికి రెండు నెలలు పడుతుందట, రెండోది మాత్రం ఉంది, నిజానికి ఇదే ఇంకా పవర్‌ఫుల్ అంటున్నారు అని చెప్పాడు. అతని మాటల వెనక ఎవరో అమ్మాయి, ఈ రెండిట్ల ఏది బిల్ చెయ్యమంటరు సార్ అని అడగడం వినిపించింది. నాగజ్యోతి దాన్ని పట్టించుకోలేదు. మీరు చూసి తెస్తే చాలండీ అంది.

సెప్టెంబరులో సైనిక్‌పురి బిల్డర్ విజయేందర్ ఆమెకు మొదటి పెద్ద పని అప్పగించాడు. పన్నెండు ఫ్లాట్ల వంటగదులు, ఒక్కోటి ఆరేడు రంగుల్లో. దసరాకి వచ్చే కొనుగోలుదార్లకి చూపించాలి. ఇంకా పవర్‌ఫుల్ అన్నారు కదా అని ఇక్కడా రెండర్‌కి ఇరవై నిమిషాలే లెక్క వేసుకుని, ఒక రోజు అదనంగా పెట్టుకుని మరీ తేదీ చెప్పింది. తీరా మొదలుపెట్టాక ఒక్కోదానికి యాభై నిమిషాలు పట్టింది. తలుపుల రంగు మారిస్తే మళ్లీ యాభై. కుక్కర్ పెట్టి వచ్చినా, బట్టలు ఆరేసి వచ్చినా తెర మీద బొమ్మ సగంలోనే ఉండేది. తప్పు తనదేననుకుని పాఠాల నోట్సు మొదటినుంచి తిరగేసింది. ఏం తప్పు కనిపించలేదు. చెప్పిన తేదీ దాటి నాలుగు రోజులైంది.

"ఏమనుకోకుండ్రి మేడం. మీ పని మంచిగుంది. గానీ కొనెటోళ్లు ఆగుతలేరు. వేరేటోళ్లకు ఇచ్చేసిన," అన్నాడు విజయేందర్ ఫోన్‌లో.

ఫోన్ పెట్టేశాక ఏం చెయ్యాలో తోచక మెత్తటి గుడ్డతో లాప్‌టాప్ తుడిచింది. అప్పుడు కనిపించాయి ఆ మీటలు. ఆమె చెయ్యి ఎప్పుడూ మౌస్ మీదే ఉంటుంది. అయినా ఎడమవైపు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ, గేముల్లో బొమ్మని నడిపించే ఆ నాలుగే, రోజూ తోమే గిన్నె అంచులా నునుపెక్కి మెరుస్తున్నాయి. ఆయన అప్పుడప్పుడూ ఓ అరగంట ఆడుకుంటానని తీసుకోవడం ఆమెకు తెలుసు. అరగంటలకి అంత నునుపు రాదు.

మర్నాడు మార్చుకోవడానికి వీలవుతుందేమోనని లాప్‌టాప్ పట్టుకుని తనే పార్క్ లేన్ వెళ్లింది. కౌంటర్లో ఉన్న గ్రేసీ అనే అమ్మాయి బిల్లు చూడగానే గుర్తుపట్టింది. ఇన్ని రోజులైనాక మార్చడం కుదరదంది. అప్పుడు పదహారు కోర్లది స్టాకు లేదటగా, లేకపోతే అదే తీసుకునేవాళ్లం అంది నాగజ్యోతి.

"స్టాకు లేకపోవుడేంది మేడం? రెండూ గీడనే పక్కపక్కన పెట్టి చూపించిన. సారు గేమ్ సుత ఆడి చూసిండు. డిజైన్ పనికైతే ఇదే మంచిదని పదహారు కోర్లది చెప్పిన కూడా. మేడంవి బొమ్మలే కదా, ఏదైనా నడుస్తది అన్నడు."

ఫోన్‌లో విన్న గొంతు ఇదే. నాగజ్యోతి థాంక్స్ చెప్పి బయటికొచ్చింది.

సాయంత్రం అతను కాఫీ తాగేదాకా ఆగి, ఆ రోజు స్టాకు ఉందటగా అని మాత్రం అడిగింది. అతను కప్పు వంక చూశాడు.

"ఇద్దరికీ పనికొస్తుందనుకున్నాను జ్యోతీ. అయినా నీ పనేం ఆగలేదుగా. కాస్త ఆలస్యం, అంతే కదా."

విజయేందర్ పని పోయిందని అతనికింకా తెలియదు. చెప్పాలనిపించలేదు ఆమెకు. నాకు గేములకి కావాలి అని నోరు విప్పి అడిగి ఉంటే, ఏమో, సరేననేదేమో. అడగాల్సిన అవసరమే లేదనుకున్నాడు. రెండు గీతలు గీసిన ఆ పేజీని జేబులో పెట్టుకునే వెళ్లి, అబద్ధం ఆడి వచ్చాడు.

ఆయుధపూజ రోజు పొద్దున్నే హాల్లో పీట వేసి ఎర్రగుడ్డ పరిచింది. కత్తిపీట, కుట్టుమిషను కత్తెర, స్కూటర్ తాళంచెవి పెట్టింది. వాటి పక్కన కొలత టేపు, స్టీలు స్కేలు, రెండు పెన్సిళ్లు, లామినేట్ రంగుల పుస్తకం. ఒక్కోదానికీ గంధం, కుంకుమ అద్దుతుంటే అతను లోపలినుంచి లాప్‌టాప్ తెచ్చాడు.

"ఇది మర్చిపోయావు."

"మర్చిపోలేదండీ. ఇక్కడ పెట్టేది పనిముట్లు."

అతను లాప్‌టాప్ రెండు చేతుల్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమె టేపు మీద బొట్టు కాస్త పక్కకి పోయిందని తుడిచి, సరిగ్గా మధ్యలో మళ్లీ పెట్టింది.

"పండగ వెళ్లాక ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని పనిచేసుకుంటాను. గంటల లెక్కన మెషీన్ ఇస్తామన్నారు," అంది హారతి వెలిగిస్తూ. "రాత్రి వంట నేనొచ్చాకే. కాస్త ఆలస్యం, అంతే కదా."