ఎడమ పక్క నెలవంక

మా హద్రమౌత్ లోయలో మిగతా ఊళ్ళ సంగతి నాకు తెలియదు. మా ఊళ్ళో మాత్రం మా అన్న సాల్మీన్ నెలవంకను చూశానంటేనే పండగ. రేడియోలో ఎవరేం చెప్పినా మా వాళ్ళు చెవిన పెట్టరు. రంజాన్ ఇరవై తొమ్మిదో నాటి సాయంత్రం మా మిద్దె మీద ఆయన వేలెత్తాలి. పక్క మిద్దె మీంచి మా చిన్నాన్న కొడుకు ఫరజ్ తానూ చూశానని సాక్ష్యం పలకాలి. కింద ఖాజీ గారు తలూపాలి. అప్పుడు పండగని చాటుతూ తుపాకీ పేలుతుంది.

అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆ వేలు మా నాన్నది. ఏ ఏడైనా ఆయన కొండ సందుకు ఎడమ పక్కనే చూపించేవాడు. చివరి రోజుల్లో వాకిట్లో నీళ్ళ కూజా తగిలి పడుతుండేవాడు గానీ, నెలవంకను మాత్రం అందరికంటే ముందు ఆయనే చూసేవాడు. అంతా దేవుడి దయ అన్నారు జనం. నేనూ అన్నాను.

ఇక అన్న సంగతి. చెప్తుంటేనే ఒళ్ళు మండుతుంది. మొగుడు పోయాక నేను ఆయన ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి ముకల్లా పట్నంలో ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళాను. నిరుడు పండగ అయ్యాక. డాక్టరు ఆయన కళ్ళలోకి లైటు వేసి చూసి, లోపలి తెర అంచుల నుంచి ఎండిపోతోందన్నాడు. వంశంలో వచ్చే జబ్బట, మందు లేదట. చీకటి పడితే దారి కనబడకపోవడం దానివల్లే. ఉన్నట్టుండి కంటి కొసన మెరుపులు రావడమూ దానివల్లే. ఆ తెర చచ్చిపోతూ లేని వెలుగును తానే పుట్టించుకుంటుందట.

"ఈ మాట ఊళ్ళో పొక్కకూడదు," అన్నాడు అన్న, తిరిగొచ్చేటప్పుడు బస్సులో. సరేనన్నాను.

అప్పట్నుంచి ఆ మెరుపులతో కాపురం నాదే అయింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఉలిక్కిపడి తల తిప్పేవాడు.

"ఎవరే, దీపం పట్టుకుని నిలబడ్డారు?"

"ఎవరూ లేరు. తిను."

"ఇప్పుడే ఉన్నారు కదే."

ఖాళీ గుమ్మం వైపు అట్లా చూస్తూ ఉంటే నాకు వీపు జలదరించేది. భయం పోవడానికి తిట్టేదాన్ని. అది ఎట్లా ఉంటుందని ఒకసారి అడిగాను.

"కొడవలిలా. సన్నగా, బంగారు రంగులో," అన్నాడు.

ఆ రూపంలో ఆకాశంలో ఏముంటుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. ఆయన తన కంట్లో మెరుపును చూసి వేలెత్తాడంటే, రంజాన్ ఇంకా ఉండగానే ఊరంతా ఉపవాసం విడిచేస్తుంది. పిల్లా పెద్దా అందరి పాపమూ ఆయన నెత్తిన పడుతుంది.

అందుకే ఈ ఏడు ఆయన మిద్దె ఎక్కబోతుంటే మెట్లకు అడ్డంగా కూర్చున్నాను.

"నాకు మాటివ్వు. కనబడగానే వేలెత్తకూడదు. ముందు కళ్ళు మూసుకో. మూసుకుంటే పోయిందా, అది ఆకాశానిది. పోలేదా, అది నీది."

"పొయ్యి దగ్గర కూర్చునేదానివి, నాకు నెలవంక చూడ్డం నేర్పుతావా?"

"నిన్న మసకేళ మేకకి సలాం చెప్పావు. నేర్పక ఏం చెయ్యను?"

నవ్వి మాటిచ్చాడు. చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాను.

పొద్దు కొండ వెనక్కి దిగింది. కింద వీధిలో మగవాళ్ళంతా తలలెత్తి మా పిట్టగోడనే చూస్తున్నారు. ఒక్కడూ ఆకాశం వైపు చూడటం లేదు.

"అదుగో," అన్నాడు అన్న మెల్లగా.

"కళ్ళు మూసుకో."

మూసుకున్నాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

"పోయింది. ఆకాశానిదే. కావాలంటే నువ్వూ చూడు."

చూశాను. ఖర్జూర చెట్ల పైన ఏమీ లేదు. మళ్ళీ చూశాను. కొండ సందుకు ఎడమ పక్కన, సన్నగా, బంగారు రంగులో, ఉంది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఏడాదిగా మోస్తున్న బరువు దిగిపోయింది.

"ఉందన్నయ్యా, ఉంది," అని ఏడ్చేశాను.

అన్న వేలెత్తాడు. "దేవుడి సాక్షిగా నేనూ చూశాను," అన్నాడు ఫరజ్ పక్క మిద్దె మీంచి. ఖాజీ గారు తలూపారు. ఎవరో తుపాకీ పైకెత్తారు.

కన్నీళ్ళు తుడుచుకుందామని ముసుగు అంచు కళ్ళకు అద్దుకున్నాను. నెలవంక పోలేదు.

రెప్పలు మూసి బట్టను గట్టిగా అదిమాను. ఆ చీకట్లో, ఎడమ పక్కన, అట్లాగే ఉంది. కొంతకాలంగా వంట చేస్తూ నిప్పురవ్వ ఎగిరిందనుకుని బట్టలు దులుపుకుంటున్నాను. ఎక్కడా ఒక్క చిల్లు పడలేదు. అది గుర్తొచ్చింది. నోరెత్తితే మా ఇంటి పరువు పోతుంది, పెళ్ళి కావాల్సిన నా మనవరాళ్ళ కళ్ళను కూడా ఊరు అనుమానంగా చూస్తుంది. అయినా పిట్టగోడ మీదికి వంగాను. మా ఊళ్ళో ఆడది మిద్దె మీంచి మగవాళ్ళతో మాట్లాడదు.

"తుపాకీ దించండి. నెలవంక లేదు. మా ఇంటి కళ్ళలో జబ్బుంది. రేపు ఉపవాసమే."

"మరి నేను చూశానే," అన్నాడు ఫరజ్.

"నువ్వు చూసింది మా అన్న వేలు."

ఫరజ్ తల దించుకున్నాడు. తుపాకీ దిగింది. ఎవరైనా తిట్టినా బాగుండేది. ఎవరూ ఏమీ అనకుండా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

అన్న నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. గోడకు చేరబడి కూలబడ్డాడు.

"నీక్కూడానా?"

"నువ్వు పోయిందన్నావుగా."

"పోలేదు, ముజ్నా. చెప్పడానికి నోరు రాలేదు. నువ్వూ ఉందనేసరికి, ఈసారికి నిజమేననుకున్నాను." నా వైపు తిరిగి అడిగాడు, "నీకు ఏ పక్కన?"

"ఎడమ పక్కన."

"నాకూ అంతే." గొంతు తగ్గించాడు. "నాన్న ఎప్పుడూ ఎడమ పక్కే చూపించేవాడు కదే."

కింద వీధి ఖాళీ అయింది. నాన్న వేలు చూసి పండగ చేసుకున్నవాళ్ళలో సగం మంది ఇప్పుడు మట్టిలో ఉన్నారు. ఇంకొక్క రోజు ఉపవాసం మిగిలిపోయిందని వాళ్ళను లేపి ఎవరు చెప్తారు?