బయటివాళ్ల కట్ట

కాగితాల దొంతరను రెండు చేతులా ఎత్తి, బల్లమీద నిలువుగా రెండుసార్లు, అడ్డంగా ఒకసారి తట్టాడు. అంచులన్నీ ఒక్క వరసకొచ్చాయి. అరచేత్తో నాలుగు పక్కలా తడిమి చూసుకున్నాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. మేకుకి వేలాడుతున్న చుట్టలోంచి రెండు బారల పురికొస లాగి తెంపి, దొంతర చుట్టూ నిలువునా అడ్డంగా తిప్పి ముడి వేశాడు.

ఆ ముడి వాళ్ల నాన్న నేర్పింది. దూడని కట్టే ముడి. దూడ ఎంత గుంజుకుంటే అంత బిగుస్తుంది. మనిషి కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే జారిపోతుంది.

ఆఫీసులో ఆయన్ని అందరూ కట్టల బాబాయి అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో ఉంది, దాంతో పని ఎవరికీ పడదు. యూనివర్సిటీ అడ్మిషన్ల సెక్షన్లో, కింది అంతస్తు వెనక గదిలో, ఇనప బీరువాకీ కిటికీకీ మధ్య ఆయన స్టూలు. స్టూలు వెనక గోడమీద ఆయన తల ఆనే చోట అరచేయంత నల్లటి మచ్చ. సున్నం వేయించినప్పుడల్లా ఆ మచ్చ పోతుంది, మళ్లీ రెండు నెలల్లో వస్తుంది. నలభై ఒక్క ఏళ్లుగా దానికీ సున్నానికీ అదే తగువు.

ఆ రోజు బయటి రాష్ట్రాల దరఖాస్తులు చదవడానికి ఆఖరి రోజు. మూడు వందల సీట్లలో బయటివాళ్లకి ముప్ఫై. ఈసారి వచ్చినవి దాదాపు ఎనిమిది వందలు. పై అంతస్తులో ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చుని చదువుతున్నారు. చదివిన ప్రతిదాని కుడి మూలా ఎర్ర పెన్సిల్‌తో ఒక టిక్కు పెడతారు. ఏడు కట్టలు అయిపోయాయి. ఎనిమిదో కట్ట మిగిలింది. సాయంత్రం అయిదింటికి జాబితా మీద సంతకాలు పడాలి.

కట్టను చంకన పెట్టుకుని మేడ ఎక్కాడు. మెట్ల మలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగాడు. పొద్దుటినుంచి ఎడమ భుజం లాగుతోంది. పక్క తిరిగి పడుకున్నట్టున్నాను అనుకుని, చంక మార్చుకుని పైకి వెళ్లాడు.

దిగి వచ్చేసరికి కిటికీ దగ్గర ఒకావిడ. ఆ కిటికీలో చెయ్యి పట్టేంత సందే ఉంది. రాత్రంతా బస్సులో వచ్చినట్టుంది, చెంపమీద సీటు గీతలు పడి ఉన్నాయి.

"మాది బయట రాష్ట్రం అన్నయ్యా. మా అమ్మాయి అప్లికేషన్ పెట్టింది. వస్తుందంటావా?"

"ముప్ఫైమందికి వస్తుందమ్మా."

"ఎంతమంది పెట్టారేంటి?"

"ఆ లెక్క మా దగ్గర ఉంటుందిలే. నువ్వు ముప్ఫై గుర్తుపెట్టుకో."

ఆవిడ నవ్విందో నిట్టూర్చిందో, మొత్తానికి ముఖం కాస్త తేటపడి వెళ్లిపోయింది.

పక్క టేబులు అమ్మాయి కంప్యూటరు మీంచి తలెత్తి, "బాబాయ్, మీరు ప్లీడరు అయ్యుంటే దొంగలు కూడా దండం పెట్టి వెళ్లేవాళ్లు," అంది. ఈ ఆఫీసులో చేరి ఆమెకి రెండేళ్లు. "ఎనిమిది వందలని చెప్పొచ్చు కదా?"

"అది చెప్పేవాళ్లు ఊరినిండా ఉంటారు."

ఆయనకి అలా చెప్పినవాడు ఒకప్పుడు ఇదే కిటికీ వెనక కూర్చునేవాడు. అప్పుడు ఆయనకి పద్దెనిమిదేళ్లు. ఊరు వాగు అవతల. వాగులో నీళ్లకి ఏ రాష్ట్రమో తెలియదు గాని దరఖాస్తుకి తెలుస్తుంది. వ్యవసాయం చదువుదామని, నాన్న చొక్కా తొడుక్కుని, రెండు బస్సులు మారి వచ్చాడు. సందులోంచి కాగితం అందుకున్న గుమాస్తా ఊరిపేరు చూసి, "బయటివాడివా? బస్సు ఛార్జీ దండగ," అన్నాడు. అన్నట్టే అయింది. జాబితాలో పేరు లేదు. వెనక్కి వెళ్లడానికి ముఖం చెల్లక రెండు రోజులు గేటు దగ్గర తచ్చాడుతుంటే, మూటలు మోసే మనిషి కావాలని పిలిచారు. సీటు దొరకలేదు, స్టూలు దొరికింది. ఆ మాట ఆయనే అనేవాడు, తన మీద తనే వేసుకునే జోకు అదొక్కటే.

పదేళ్లు పోయాక ఒక ఎండాకాలం పాత గది దులపమన్నారు. చెదలు పట్టిన కట్టల్లో తను వచ్చిన ఏడాది కట్ట కనిపించింది. ముడి విప్పబోతే ఊడలేదు, అంత మొండి ముడి. కొడవలి తెచ్చి కోశాడు. పైనున్న వాటికన్నిటికీ ఎర్ర టిక్కులు ఉన్నాయి. అడుగు నుంచి నలభై కాగితాలకి లేవు. అడుగు నుంచి పదకొండోది ఆయనది. కుడి మూల తెల్లగా, రాసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ నలభై పనికిరావని ఎవరూ అనలేదు, అసలు ఎవరూ చదవనే లేదు.

ఆయన దానిని మళ్లీ కట్టలో పెట్టేశాడు. ఎవరితోనూ అనలేదు. కాని ఆ ఏడాది నుంచీ ఆయన కట్టే కట్టల పద్ధతి మారింది. కాగితాలు పై అంతస్తులో విడిగా వదలకూడదని రూలు. కాబట్టి మధ్యాహ్నం భోజనాలప్పుడూ సాయంత్రమూ కట్ట కిందికి వస్తుంది. వచ్చిన కట్టను ఊరికే కట్టి పంపితే మళ్లీ పైనున్నవే పైన ఉంటాయి, అడుగువి అడుగునే. అందుకని ఆయన విప్పి, ఒక్కొక్క మూలా చూసి, టిక్కు పడనివి పైకి తీసి, పడ్డవి అడుగున పెట్టి కట్టేవాడు. చేయమని ఎవరూ చెప్పలేదు, చేస్తున్నట్టు పైవాళ్లకి తెలియదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క కాగితం కూడా తెల్ల మూలతో పాత గదిలోకి వెళ్లలేదు.

ఆ రోజుల్లో అన్నీ చేతిరాత దరఖాస్తులు. వాసన బట్టి చెప్పేవాడు. ఇది కిరసనాయిలు దీపం ముందు రాసింది, ఇది కొట్లో బస్తామీద కూర్చుని రాసింది, ఇది పశువుల కొట్టం పక్కన రాసింది. ఇప్పుడన్నీ అచ్చు కాగితాలు, అన్నిటిదీ ఒకటే వాసన.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఎనిమిదో కట్ట కిందికి వచ్చింది. చేతుల్లో పడగానే బరువు తెలిసినట్టు, టిక్కులు ఎన్నో కూడా ఆయనకి తెలుస్తుంది. సగం కాలేదు. అప్పుడే జేబులో ఫోను మోగింది. మనవరాలు. ఆయన కూతుర్ని మళ్లీ వాగు అవతలికే ఇచ్చాడు మరి.

"తాతయ్యా, నాది చదివారా?"

"ఇంకా లేదమ్మా."

"చదవరేమో."

"చదువుతారు."

"నీకెలా తెలుసు?"

"చదువుతారంతే. అన్నం తిన్నావా?"

ఫోను పెట్టేసి పని మొదలుపెట్టాడు. మూల చూడటం, పక్కన పెట్టడం. మూల చూడటం, పక్కన పెట్టడం. తెల్ల మూలలు లెక్కపెట్టి, "అరవై రెండు," అని పైకే అన్నాడు. వాటిలో ఒకటి ఆయన చేతిలో మిగతావాటికంటే కాస్త ఎక్కువసేపు ఆగింది. బొటనవేలు చొక్కాకి తుడుచుకుని దాని అంచు సరిచేశాడు. నంబరు ఏడు వందల తొంభై ఆరు.

"ఏంటి బాబాయ్, తెలిసినవాళ్లా?" అంది పక్క టేబులు అమ్మాయి.

"అందరూ తెలిసినవాళ్లే."

పైన పెట్టచ్చు. ఒక్క కాగితం మారితే అడిగే దిక్కు లేదు. ఎదురుగా గడియారం చూశాడు. మూడు గంటల్లో అరవై రెండు చదవడం అవుతుంది, కాకనూ పోవచ్చు. వాటిలో ఏడు వందల తొంభై ఆరు అడుగు నుంచి నాలుగోది. కాగితాన్ని చేతిలో బరువు చూస్తున్నట్టు కాసేపు పట్టుకుని, ఏడు వందల తొంభై అయిదు కింద పెట్టేశాడు.

"వచ్చే ఏడాది నుంచి అన్నీ కంప్యూటర్లోనే. ఈ చాకిరీ తప్పుతుంది మీకు," అంది ఆ అమ్మాయి. "ఆ పురికొసతో ఇంటి దగ్గర బీరపాదు కట్టుకోండి."

"కంప్యూటర్లో అడుగున ఉన్నవి పైకి ఎవరు తీస్తారు?"

"దానికి అడుగు ఉండదు బాబాయ్."

"అడుగు లేని కట్ట ఉంటుందా పిచ్చితల్లీ?"

ఆమె కుర్చీ ఇటు తిప్పుకుంది. "అయినా ఎందుకంత పట్టింపు?" అంది.

ఆయన ముడి వేస్తూ, తల ఎత్తకుండానే, "అడుగున ఉన్నవాడు కూడా బస్సెక్కే వచ్చాడమ్మా," అన్నాడు.

కట్ట తయారైంది. భోజనాల నుంచి వాళ్లు ఇంకా రాలేదు. కాంటీను మనిషి టీ గ్లాసు బల్లమీద పెట్టి వెళ్లాడు. ఆయన గోడకి తల ఆన్చి, సరిగ్గా ఆ మచ్చ ఉన్నచోట, కళ్లు మూసుకున్నాడు. కుడిచెయ్యి కట్టమీదే ఉంది. రోజూ పది నిమిషాలు అలా వాలడం ఆయనకి అలవాటే.

"టీ చల్లారిపోతోంది బాబాయ్," అంది ఆ అమ్మాయి రెండుసార్లు. మూడోసారి లేచి దగ్గరికి వచ్చింది. టీ మీద మీగడ కట్టి ముడతపడింది. ఆయన ముఖంలో మాత్రం ముడతలన్నీ వదులయ్యాయి.

డాక్టరు వచ్చాడు, చెయ్యి పట్టుకున్నాడు, వదిలేశాడు. బండి వచ్చింది. ఆయన్ని ఎక్కించేటప్పుడు పై అంతస్తు వాళ్లు కూడా దిగి నిలబడ్డారు. ఇంటికి కబురు సెక్షన్ ఆఫీసరే చెప్పాడు. బండి గేటు దాటాక కళ్లద్దాలు తుడుచుకుని, "ఇవాళ్టికి ఆపేద్దాం," అన్నాడు. "నలభై ఒక్క ఏళ్లు చేసిన మనిషి. ఆఫీసు నడపడం మర్యాద కాదు. చదివినంతవరకు సంతకాలు పెట్టేసి తాళం వేయండి."

అందరూ తలలూపారు. మాట మంచిదే. ప్రొఫెసర్లు సంచులు సర్దుకోబోయారు.

పక్క టేబులు అమ్మాయి కట్ట దగ్గర నిలబడి ఉంది. "సార్," అంది. చెయ్యి కట్టమీద పెట్టి మళ్లీ అంది. "సార్, బాబాయి కట్టిన కట్ట ఇది. విప్పకుండా పెట్టేయమంటారా?"

"ఎన్నున్నాయి ఇంకా?"

"అరవై రెండు. అందరూ బస్సెక్కే వచ్చారు సార్."

ఆఫీసరు ఆమె వంక చూశాడు, ఖాళీ స్టూలు వంక చూశాడు. కట్ట తనే చంకన పెట్టుకుని మేడ ఎక్కాడు. ముగ్గురూ ఆయన వెనకే ఎక్కారు. సంతకాలకి అయిదు కాదు, ఆరున్నర అయింది.

కట్ట విడిగా కిందికి వచ్చింది, పురికొస దానిమీద పడేసి ఉంది. ఆ అమ్మాయి ఒక్కొక్క మూలా చూసుకుంటూ పోయింది. ఆ అరవై రెండింటిలో అడుగు నుంచి నాలుగోదాని దగ్గర ఆగింది. ఏడు వందల తొంభై ఆరు. ఊరు వాగు అవతల. కుడి మూల ఎర్ర టిక్కు, పెన్సిల్ అరిగిపోయినట్టుంది, కాస్త లావుగా పడింది. ముప్ఫైలో ఉందో లేదో రేపు జాబితా అంటించాక గాని తెలియదు. ఆమె వేలితో టిక్కును తాకి, కాగితాన్ని దాని వరసలోనే పెట్టేసింది.

తర్వాత కట్టాలని చూసింది. నిలువునా అడ్డంగా చుట్టింది గాని ముడి కుదరలేదు. రెండుసార్లు వేసి, రెండుసార్లు విప్పి, ఊరుకుంది. కట్టను బీరువాలో పెట్టి తాళం వేసి, పురికొసను మాత్రం స్టూలు మీద ఉంచి వెళ్లింది.

దాని మధ్యలో ముడి ఉన్నచోట, లాగితే జారిపోయిన ఆ ముడి వంకర, ఇంకా సాపు కాకుండా అలాగే ఉంది.