అమ్మ మోసిన నీళ్లు

పెళ్లి పందిరి కింద మడమల లోతు నీళ్లున్నాయి, ఎవరికీ పట్టింపు లేదు, బ్యాండు మోగుతూనే ఉంది, విస్తళ్లు పడుతూనే ఉన్నాయి, ఆ నీళ్లలోనే కుర్చీ వేసుకుని మా అమ్మ కొబ్బరిబోండాలు కొడుతోంది. అమ్మ పోయి ఏడాది దాటిందని నాకు గుర్తుంది. అడిగితే లేచి వెళ్లిపోతుందేమోనని అడగను.

"గట్ల నిలబడ్డవేందే సరూపా, కూసో. ఇది తాగు."

"కడుపుల జాగ లేదే అమ్మా."

"జాగ అదే అయితది. తాగు."

బతికున్నప్పుడూ ఇదే గోల. నా మొదటి కాన్పప్పుడు, ఐదో నెల స్కానింగులో ఉమ్మనీరు బాగా తక్కువుందని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి అమ్మ నా ప్రాణం తీసింది, బార్లీ నీళ్లు, మజ్జిగ, సబ్జా, బోండాలు, నిద్రపోతున్నా లేపి నోటి దగ్గర గ్లాసు పెట్టేది. ఎంత తాగినా ఉమ్మనీరు పెరగలేదు. పుట్టిన పాపకు మూత్రపిండాలు రెండూ లేవు, ఆ పూటే పోయింది.

పందిరి ఎప్పుడు బస్సయిందో తెలియదు, వెనక సీట్లో ఇద్దరం పక్కపక్కన ఉన్నాం, నీళ్లు మాత్రం కాళ్ల కింద అలాగే కదులుతున్నాయి.

"నేను మా అక్క బిడ్డ పెండ్లికి పోకుంటే బాగుండు," అంటుంది అమ్మ. "వారం దినాలు గాడనే ఉంటి. నీకు నీళ్లు తాపెటోళ్లు లేకపాయె. గప్పుడే ఎండింది బిడ్డా నీ కడుపు."

ఈ మాట బతికుండగా నాతో ఒక్కసారీ అనలేదు. కడదాకా ఇదే తలుచుకుని కుమిలిందని దినాల రోజు పెద్దమ్మ చెప్పింది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వస్తాయి.

"ఎవరు చెప్పిన్రే నీకు? నాలుగో నెల దాటినంక కడుపుల బిడ్డ పోసే ఉచ్చనే ఉమ్మనీరు. ఐదో వారంల బిడ్డ ఒంట్ల కిందికెల్లి ఒక మొగ్గ లేచి పైన కండను ముట్టుకోవాలె, ముట్టుకుంటెనే కిడ్నీ మొదలైతది, మెల్లమెల్లగ నడుము దాక ఎక్కుతది. మన పాపకు ఆ మొగ్గనే లేవలే. గప్పటికి నాకు నెల తప్పిన సంగతే సరిగ్గ తెల్వదు. నువ్వు మానేరు వాగంత తెచ్చి పోసినా నిండకపోవు."

అమ్మ కిటికీ వైపు తిరుగుతుంది, బయట ఆస్పత్రి గోడ పరుగెడుతోంది.

"అయితె నాతోని కాదా?"

"నీతోని కాదే అమ్మా. ఎవ్వరితోని కాదు."

కళ్లు తుడుచుకోబోయి ఆగి ఒళ్లోకి చూసుకుంటుంది, అప్పుడు నేనూ చూస్తాను, పాప అక్కడే ఉంది, మొదటి నుంచీ ఉన్నట్టే ఉంది, నా చేతికిచ్చినప్పటి నీలం రంగు లేదు, కాళ్లు తన్నుకుంటోంది.

"ఓ నీ పాడుగాను! చూడే, చీరంత తడిపింది!"

అమ్మ పగలబడి నవ్వుతుంది. నేను చీర ముట్టుకుంటాను, వెచ్చగా ఉంది, ఇంత సంతోషం నా జన్మలో ఎరగను, అరచేయి అక్కడి నుంచి తియ్యబుద్ధి కాదు.

"ఇయ్యవే, ఒక్కసారి ఎత్తుకుంట."

"నీ కడుపుల ఇంకొకరున్నరు గదా. దీన్ని నేను సూసుకుంట."

"ఈ బిడ్డకున్నయా అమ్మా? కిడ్నీలు రెండూ ఉన్నయా?"

"నాకేమెర్క బిడ్డా. లోపలికి పోతె డాక్టరమ్మనే చెప్తది." పాపను భుజాన వేసుకుని లేస్తుంది. "దీనికి దూపయితుంది. నీళ్లు తెస్త."

"నేను లోపలికి పోయే దాక ఉండవే," అంటాను, బస్సు చప్పుడులో నా మాట నాకే వినబడదు.

"అక్కా, ఓ అక్కా."

కళ్లు తెరుస్తాను. స్కానింగ్ సెంటర్ హాలు, వరసగా కడుపులతో ఆడవాళ్లు, నా పేరు ఇంకా పిలవలేదు. చేతిలో ఫైలుతో ఒకామె నా ముందు నిలబడి పక్క కుర్చీ చూపిస్తోంది. ఆ ఖాళీ కుర్చీ మీద నా అరచేయి పరిచి ఉంది.

"ఈడ ఎవరన్న ఉన్నరా?"

"మా అమ్మ," అంటాను. "నీళ్లకు పోయింది."