బాలకృష్ణుడితో ముచ్చట్లు

మా మనవడు శివాంశ్‌కు ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాలేదు. ఎందరు దేవుళ్లకు మొక్కుకున్నా నా దిగులు తీరలేదు.

టీకా కోసం బస్తీ దవాఖానకు తీసుకెళ్తే, మట్టెవాడలో మా పక్కింట్లోనే ఉండే నర్సు వినోద వాడి వెనక నిలబడి గిన్నె మోగించింది. వాడు వెంటనే తిరిగి చూశాడు.

"చెవులు మంచిగనే ఉన్నట్టున్నయి. అయినా డాక్టరమ్మకు చూపిద్దాం. ఇంట్ల వీనితోని ముచ్చట పెడ్తవా, పెద్దమ్మా?"

"వానికేం సమజైతది బిడ్డా! మాటలొచ్చినంక మాట్లాడుత."

"మరి పొద్దుగాల పూజల ఎవలతోని మాట్లాడ్తవ్? మా ఇంటిదాంక వినబడ్తది."

"బాలకృష్ణునితోని. లే నాయనా, నీళ్లు పోసుకో, పాలు తాగు అంట."

"ఆయన మారు మాట్లాడ్తడా?"

నేను నవ్వబోయి, చంకలో ఉన్న శివాంశ్ వైపు చూశాను.

"నేను సుత ఇన్నేండ్లు పిల్లల బరువే చూసిన, మాటల సంగతి అడగలే పెద్దమ్మా. మనం మాట్లాడ్తుంటెనే పిల్లలకు మాటలొస్తయని మొన్న ట్రైనింగ్‌ల చెప్పిండ్రు."

మర్నాడు శివాంశ్‌కు స్నానం చేయిస్తూ, "నీళ్లు సల్లగున్నయా నాయనా?" అని అడిగాను. వాడు తడిచేత్తో నా పెదవులు పట్టుకుని, "ఊ" అన్నాడు. ఇంకొకటి అడిగాను. మళ్లీ "ఊ" అన్నాడు.

ఆ రోజు స్వామికి పాలు ఆలస్యమయ్యాయి. ఆయన ఏమీ అనుకోలేదనే నా నమ్మకం.