నాది కాని మడత

ప్యాంటు మీద మడత నాది కాదు. ఆదివారం సాయంత్రం మాసిన బట్టలు తీస్తుంటే చూశాను. పొద్దున నేను గంజి పెట్టి ఇస్త్రీ చేసిచ్చిన ఖాకీ ప్యాంటే. కానీ మడత నడుము నుంచి కిందిదాకా స్కేలు పెట్టి గీసినట్టుంది. చొక్కా వీపు మీది మూడు గీతలూ అంతే. నావి ఎప్పుడూ కాస్త ఎడమకి పోతాయి. ఇంత ఓపిగ్గా నా మొగుడి బట్టలు విప్పించి ఇస్త్రీ చేసిన ఆడది ఎవరు?

పంతొమ్మిదేళ్లుగా ఆదివారం పొద్దు నాది కాదు. వారమంతా హోటల్లో దుప్పట్లు మార్చిన చేతులతోనే ఇస్త్రీపెట్టె పట్టుకుంటాను. "మా నాన్న ఈ ఖాకీతోనే ద్రాక్షతోటల్లో నడుం వంచాడే ఒఫీలియా. మనం దాన్ని నలగకుండా తొడుక్కుని మన పాత కార్ల పక్కన విట్టియర్ రోడ్డు మీద నిలబడాలి. అమెరికాలో పుట్టిన మెక్సికో బిడ్డలం, చికానో అంటే అదీ," అంటాడు ఎవారిస్తో. వింటుంటే నాకూ గర్వంగానే ఉంటుంది. మరి నువ్వే చేసుకోరాదా అంటే, "మగాడి చేతికి అది పట్టుబడదే" అంటాడు. అత్తగారు వెంటనే అందుకునేది: "వాడు నలిగిన ప్యాంటుతో తిరిగితే జనం అనేది నిన్నే." ఎవారిస్తో సైన్యంలో మూడేళ్లు చేశాడు. అక్కడ ఎవరు ఇస్త్రీ చేసిపెట్టారని నాకెప్పుడూ అడగాలనిపించలేదు.

వారమంతా అనుమానం నన్ను తినేసింది. చొక్కా వాసన చూశాను. సెంటు లేదు, గంజి వాసనే. తర్వాతి ఆదివారం అతను కారు క్లబ్బుకని బయల్దేరగానే వెనకాలే వెళ్లాను. క్లబ్బు స్నేహితుడు నాచో వాళ్ల గరాజు పక్క తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల ఆడదే లేదు. ఆరుగురు మగాళ్లు ప్యాంట్లు విప్పేసి లోపలి లాగులతో వరసలో నిలబడి ఉన్నారు. నా మొగుడు బల్ల మీద నాచో ప్యాంటు పరిచి, నీళ్లు చిలకరించి, ఇస్త్రీ చేస్తున్నాడు.

"సైన్యంలో నేర్చింది ఎక్కడికి పోతుందిరా," అంటున్నాడు. "ఎవరడిగినా మీ ఆవిడే చేసిందని చెప్పండి. లేకపోతే పరువు పోతుంది."

నిజంగానే ఇంకో ఆడది ఉన్నా నాకు ఇంత మండేది కాదు.

మధ్యాహ్నం పార్కులో క్లబ్బు కార్లన్నీ బారులు తీరాయి. నాచో భార్య హసింతా ఎవారిస్తోని ఎగాదిగా చూసింది. "మీ ఆయన మడత తాకితే తెగేట్టుంది వదినా. చెయ్యంటే నీదే."

ఎవారిస్తో నా భుజం మీద చెయ్యేశాడు. "మా ఆవిడ మరి."

"నేను కాదు వదినా," అన్నాను. "ఆయనే చేసుకున్నారు. మీ ఆయనదీ ఆయనే చేశారు."

హసింతా నవ్వబోయి ఆగింది. వంగి, నాచో ప్యాంటు మడతని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. చెట్టు కింద కూర్చున్న మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి తమ మొగుళ్ల వైపు నడిచారు.