దమయంతి అప్పగింతలు

తల్లి పోలమ్మ పోయిన రెండేళ్లకు, పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, జీడిపళ్లు రాలే రోజుల్లో, పదకొండేళ్ల దమయంతి ఇంట్లో ఏది ఎక్కడుందో తండ్రికి చూపించడం మొదలుపెట్టింది.

"అయ్యా, ఉప్పుకుండ ఇదిగో, ఈ మూల. సింతపండు ఉట్టి మీద. గుర్తెట్టుకో."

"నాకెందుకే? నువ్వున్నావు కదా," అన్నాడు పెంటయ్య, తోటకు వెళ్లే తొందరలో.

పిల్ల ముఖం తిప్పుకుంది. అతను గమనించలేదు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆమె పేరెత్తినవాళ్లు లేరు. అతనికి నోరు రాలేదు, పిల్ల అడగలేదు. అడగడం లేదంటే మరిచిపోయిందిలే అనుకున్నాడు. తొమ్మిదేళ్లకే గరిటె పట్టి, అయిదో తరగతి చదువుతూనే ఇల్లు నెట్టుకొస్తోంది. ఎంత నెమ్మదైన పిల్లోనని ఉద్దానంలో చుట్టాలంతా మెచ్చుకుంటే మురిసిపోయేవాడు.

మర్నాడు పొద్దున్నే అతన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఎసట్లో వేలు ముంచి చూపించింది. "ఈ గీత దాకా నీళ్లుండాల. ఉడికినాక గంజి వార్చాల. సెయ్యి కాల్సుకోకు."

"ఏటే ఈ ఆటలు! అవతల జీడిపిక్కలు ఏరాల," అని కసిరి లేచిపోయాడు.

ఆ మధ్యాహ్నం బడిపంతులు భావనారాయణ గట్టు మీద ఎదురయ్యాడు. "మీ అమ్మాయి పుస్తకాలన్నీ తోటిపిల్ల లలితకి ఇచ్చేసిందయ్యా. బడి మానిపించేస్తున్నావా?"

"నేదు బాబూ, నాకు తెల్దు," అన్నాడు పెంటయ్య. ఇంటికెళ్లి అడుగుదామనుకున్నాడు. వెళ్లేసరికి పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రేపడగొచ్చులే అనుకున్నాడు.

మూడోనాడు ఆమె లేవలేదు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. రెండు రోజులుగా ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. పెంటయ్య టెక్కలి ఆసుపత్రికని బండి కట్టాడు. ఎద్దుల మువ్వలు వినగానే దమయంతి గుంజను కావలించుకుని అరిచింది.

"నానొల్లను! బండెక్కితే అమ్మనాగే దారిలోనే సచ్చిపోతాను!"

ఆ అరుపుకి పొరుగింటి సింహాచలమ్మ పరిగెత్తుకొచ్చింది. పిల్లను చూసింది. చూరులో దోపి ఉన్న పాతచీర పేలికలు చూసింది. "నువ్వు బయటికెల్లు పెంటయ్యా," అంది.

అతను తడిక అవతల నిలబడి అంతా విన్నాడు.

"ఎన్నాళ్లయినాది గుంటా?"

"మూడ్రోజులత్తా. అమ్మకీ ఇలాగే నెత్తురు పోనాది. బండిలో గడ్డంతా తడిసిపోనాది, నాను సూసినాను. నాను పోతే అయ్యకి వండుకోడం రాదని..."

"ఓలమ్మా! ఇది సావు కాదే తల్లీ. నువ్వు పెద్దమనిసివయినావు. ఆడపిల్లలందరికీ వచ్చేదే. నీకెవరూ సెప్పనేదా?"

ఎవరు చెబుతారు? పెంటయ్య బండి దగ్గరికెళ్లి ఎద్దుల్ని విప్పేశాడు. మూడు రోజులు పిల్ల తన చావును ఒంటరిగా మోస్తూ తండ్రికి వంట నేర్పింది. తాను కసిరాడు.

ఆడవాళ్లొచ్చి కొత్త కొబ్బరాకుల మీద ఆమెను మూల కూర్చోబెట్టారు. మగవాళ్లు చూడకూడదన్నారు. వాళ్లు వెళ్లాక అతను తడిక పక్కనే చతికిలబడ్డాడు.

"దమయంతీ, మీ అమ్మ కడుపులో బిడ్డ అడ్డం తిరిగినాది. అందుకే అంత నెత్తురు. నీది అది కాదు."

లోపలినుంచి సన్నగా అడిగింది. "అప్పుడు అమ్మ సెయ్యి పట్టుకున్నావా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాడు. "నేదమ్మా. ఎద్దుల్ని తోల్తన్నాను. రెండుసార్లు పిలిసినాది. వచ్చేసినాం, వచ్చేసినాం అన్నాను గానీ ఎనక్కి సూడనేదు. సూత్తే సేతులాడవని బయం."

దమయంతి వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి కోసం ఆమె ఏడవగా అతను వినడం అదే మొదలు. లోపలికి వెళ్లబోయి తడిక మీద చెయ్యి వేశాడు.

"రాకయ్యా, తప్పంట," అంది ఏడుస్తూనే.

ఆగిపోయాడు. ఏడుపు తగ్గాక ఆమె మళ్లీ అడిగింది. "నెలనెలా వస్తాదంట కదా. అమ్మకీ ఇలాగే కడుపు నొప్పెట్టేదా?"

"నాకు తెల్దమ్మా," అన్నాడు పెంటయ్య.

పన్నెండేళ్ల కాపురంలో ఆ సంగతి అతను ఒక్కసారీ అడగలేదు.