బావగారి పోలికలు

ఇరవై రెండేళ్లుగా ఒక ప్రచురణ సంస్థలో అచ్చుతప్పులు దిద్దుతున్న ఆమెకు వాక్యంలో "లా" కనబడితే చాలు, ఒళ్లు మండేది. కన్నీళ్లు ముత్యాల్లా, నవ్వు వెన్నెలలా! ఎదురుగా ఉన్నదాన్ని చూడటం చేతకానివాళ్లే పోలికలు వెతుక్కుంటారని ఆమె గట్టి నమ్మకం.

అలాంటి ఆమె బల్ల మీద ఒక సోమవారం బావగారు నూట నలభై పేజీల కట్ట ధబీమని పడేశాడు. అక్క ఆపరేషన్ మీద రాసిన నవల.

"కామాలు, ఫుల్‌స్టాపులు చూసిపెట్టు చాలు. భాష జోలికి పోకు. ఒక్కో పోలికకీ ప్రాణం పెట్టాను," అన్నాడు.

మొదటి పేజీలోనే అక్క వాడిన తామరలా, మబ్బు కమ్మిన చంద్రుడిలా, తీగ తెగిన వీణలా పడి ఉంది. ఒక్క మంచం మీద ఇన్నా! ఆమె ముక్కు చిట్లించింది.

చదవగా చదవగా ఒక సంగతి పట్టుబడింది. ఆస్పత్రి క్యాంటీన్ గురించి రాసినచోట పోలిక ఒక్కటీ లేదు. బల్లకు అంటుకున్న పంచదార, మూత పట్టని ఫ్లాస్కు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. వార్డులోకి వెళ్లేసరికి మాత్రం తామరలూ వీణలూ.

ఆ సాయంత్రమే కట్ట పట్టుకుని అక్క ఇంటికి వెళ్లి, బావగారి ఎదుటే అడిగేసింది.

"అక్కా, ఆపరేషనయ్యాక బావగారు నీ దగ్గర ఎంతసేపున్నారే?"

అక్క దుప్పటి మడతపెడుతూనే చెప్పింది. "మందుల వాసన పడదని వార్డు గుమ్మం దాటి రాలేదు. మూడు రోజులూ క్యాంటీన్లోనే. నేనేమో పక్కమంచం ఆవిడతో ఫ్యాను కోసం పోట్లాట! కుట్లు సలుపుతున్నా నోరు మూయలేదు. చివరికి నర్సు ఆ ఫ్యానే ఆపేసింది."

"అవన్నీ నవల్లో రాస్తారా?" బావగారు విసుక్కున్నాడు. "సాహిత్యానికో అందముండాలి!"

"చూడనిదానికి అందమొకటా?" అంది ఆమె.

అక్క ఒక పేజీ తీసి చదివింది. "ఈ వీణ ఎవరండీ?" అని అడిగి, జవాబుకు ఆగకుండా దుప్పట్లు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

బావగారు మొహం మాడ్చుకుని కట్ట లాక్కున్నాడు. రెండు నెలలకు పుస్తకం వచ్చింది, ఒక్క పోలికా తగ్గకుండా. ఆవిష్కరణ సభలో వక్తలు దాన్ని ఆకాశానికెత్తేశారు. భార్యను చూసుకోవడమంటే ఇదీ అన్నారు. హాలంతా చప్పట్లు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. పక్కన అక్క మాత్రం గట్టిగా కొడుతోంది.

"నువ్వు కూడానా?" అంది ఆమె.

"కొట్టకపోతే వారం రోజులు అలుగుతారే. ఎవరు పడతారు?" అంది అక్క, చేతులు ఆపకుండా.